ఏ వాల్వు ఎవరికి? అనంత కరువు సీమ నుంచి ఒక పాత చర్చ

గుండె వాల్వు మార్చక తప్పదని తేలాక రోగి ముందు రెండు దారులుంటాయి. లోహం, కార్బన్, ప్లాస్టిక్ వంటివాటితో చేసిన మెకానికల్ వాల్వు ఒకటి. పంది గుండెలోంచి తీసిన వాల్వుతోనో, ఆవు గుండెను చుట్టి ఉండే పైపొరతోనో తయారైన టిష్యూ వాల్వు రెండోది. మెకానికల్ వాల్వు దశాబ్దాలు మన్నుతుంది, కానీ దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్లూ మాత్ర మింగాలి. టిష్యూ వాల్వు వేసుకున్న చాలామందికి మొదటి కొన్ని నెలలు దాటితే ఆ మాత్ర అక్కర్లేదు, కానీ అది ఎప్పుడో ఒకప్పుడు గట్టిపడో చిరిగో రెండో ఆపరేషన్ తెచ్చిపెడుతుంది. అరవై ఏళ్లుగా సర్జన్లు వాదించుకుంటున్నది ఈ లాభనష్టాల మీదే.

అనంతపురం నుంచి చూస్తే ఈ వాదన మరోలా కనిపిస్తుంది. 1991 నవంబరు 22న పుట్టపర్తి పక్కన ప్రశాంతిగ్రామంలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థను అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించారు. గుండె ఆపరేషన్లు ఉచితంగా చేసే పెద్దాసుపత్రి కరువు జిల్లా నడిబొడ్డున వెలిసింది. 2022లో జిల్లాల విభజన జరిగి అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, దానికి వచ్చే రోగుల ఊళ్లు మారలేదు. 2007 ఏప్రిల్ 1న పేదల వైద్య ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకం తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లోనూ మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు అనంతపురం ఉంది. అంటే, పేదవాడికి మొదటి ఆపరేషన్ డబ్బు ఎలాగన్న చిక్కు ఇక్కడ చాలాచోట్ల కన్నా ముందే కొంత తీరింది. ఆ తర్వాత గడపాల్సిన ముప్పై నలభై ఏళ్ల సంగతి మాత్రం తీరలేదు. వాల్వు ఎంపికను ఆపరేషన్ థియేటర్ నుంచి కాక ఆ ముప్పై నలభై ఏళ్ల నుంచి వెనక్కి చూడాలన్నదే ఈ సమీక్ష దృష్టి.

రోగి ఎవరు?

అమెరికా, యూరప్ మార్గదర్శకాల్లో కనిపించే రోగి సాధారణంగా డెబ్బై దాటిన మనిషి. వయసుతో పాటు, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని అయోర్టిక్ వాల్వు మీద సున్నం పేరుకుని, అది తెరుచుకోక, ఆయాసంతో ఆసుపత్రికి వస్తాడు.

మన దగ్గర జబ్బు దారి వేరు. చిన్నతనంలో స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాతో గొంతునొప్పి వస్తుంది. ఇరుకిళ్లలో పిల్లలందరూ ఒకచోటే పడుకునే కుటుంబాల్లో అది ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టిన రోగనిరోధక శక్తి కొందరు పిల్లల్లో దారితప్పి సొంత కీళ్ల మీద, గుండె మీద పడుతుంది. కీళ్లనొప్పులు కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. గుండెకు తగిలిన దెబ్బ మిగిలిపోతుంది. ఈ రుమాటిక్ జ్వరం మళ్లీ మళ్లీ వచ్చిన కొద్దీ, గుండె ఎడమ గదుల మధ్యనుండే మైట్రల్ వాల్వు రెక్కలు మందమై, అంచులు అతుక్కుని, దారి సన్నబడుతుంది. పదేళ్ల వయసులో మొదలైన జబ్బు ఇరవైల్లో, ముప్పైల్లో ఆయాసంగా బయటపడుతుంది. చాలామంది ఆడవాళ్లలో అది తొలి కాన్పు సమయంలోనే తెలుస్తుంది, ఎందుకంటే గర్భంతో పెరిగిన రక్తప్రవాహాన్ని ఆ సన్నటి దారి మోయలేదు.

2010–12 మధ్య ఆఫ్రికాలోని 12 దేశాలు, భారత్, యెమెన్ ఆసుపత్రుల్లో 3,343 మంది రుమాటిక్ గుండె రోగులను నమోదు చేసిన రెమెడీ అధ్యయనం ఈ బొమ్మకు అంకెలు తొడిగింది. రోగుల మధ్యస్థ వయసు 28 ఏళ్లు. మూడింట రెండొంతుల మంది స్త్రీలు. రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నవాళ్లలో ఆ మాత్ర సరైన మోతాదులో పనిచేస్తున్నట్టు పరీక్షలో తేలింది 28 శాతం మందిలోనే. వాల్వు చర్చ చదివే ప్రతిసారీ ఈ మూడు అంకెలను పక్కన పెట్టుకోవాలి.

జంతువు నుంచి మనిషికి

1962లో లండన్‌లో డొనాల్డ్ రాస్, కొద్ది వారాలకే న్యూజిలాండ్‌లో బ్రయాన్ బారట్-బాయిస్ మరణించిన మనుషుల నుంచి తీసిన అయోర్టిక్ వాల్వులను రోగులకు అమర్చారు. అవి బాగా పనిచేశాయి, కానీ కావలసినన్ని దొరకవు. 1965లో పారిస్‌లో జాన్-పాల్ బినే, అలాన్ కార్పెంతియే బృందం కబేళాలో దొరికే పంది వాల్వు వైపు తిరిగింది. తొలి ప్రయత్నాలు నిలబడలేదు. అప్పటి రసాయనాల్లో నిల్వచేసిన వాల్వు రోగి ఒంట్లో కొద్దికాలానికే మెత్తబడి చెడిపోయేది. కార్పెంతియే 1960ల చివర గ్లూటరాల్డిహైడ్ ద్రావణాన్ని ఎంచుకోవడంతో కథ మలుపు తిరిగింది. ఆ రసాయనం కణజాలంలోని కొలాజెన్ పోగులను ఒకదానితో ఒకటి గట్టిగా ముడివేస్తుంది, క్రిములను చంపుతుంది, మనిషి దేహం దాన్ని పరాయి మాంసంగా గుర్తించి తిరగబడే గుణాన్ని చాలావరకు అణిచేస్తుంది. 1970ల మొదట్లో హాన్‌కాక్ పంది వాల్వు మార్కెట్లోకి వచ్చింది. 1971లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మరియన్ ఇయోనెస్కు ఆవు గుండె పైపొరతో వాల్వు కుట్టి అమర్చాడు. నేడు వాడుకలో ఉన్న టిష్యూ వాల్వుల్లో ఎక్కువ భాగం ఈ రెండో వంశానివే.

దాని తయారీని దగ్గర నుంచి చూస్తే అది ఎంత నాజూకు పనో తెలుస్తుంది. కబేళా నుంచి వచ్చిన పైపొరలో కొవ్వు గీకేసి, మందం కొలిచి, ఎక్కడా మచ్చ, రక్తనాళపు గీత లేని ముక్కనే ఎంచుతారు. అలాంటి మూడు రెక్కలను గుడ్డ తొడిగిన చట్రానికి భూతద్దం కింద చేత్తో కుడతారు. పూర్తయిన వాల్వును ద్రావణం నింపిన సీసాలో పెట్టి సీలు వేస్తారు. థియేటర్లో సీసా తెరిచాక నేరుగా గుండెలో పెట్టరు. సెలైన్ పోసిన గిన్నెల్లో ఒకదాని తర్వాత ఒకదానిలో ముంచి, కదిపి, అంటుకున్న రసాయనాన్ని కడుగుతారు. గిన్నె మార్చిన ప్రతిసారీ నర్సు నిమిషాలు లెక్కపెడుతుంది. ఈలోగా రోగి గుండె ఆగి ఉంటుంది, రక్తం యంత్రం మీద నడుస్తూ ఉంటుంది.

గ్లూటరాల్డిహైడే ఈ వాల్వుకు ఆయువు పోసింది, ఆయువు తగ్గించిందీ అదే. కణజాలంలో మిగిలిపోయే ఆల్డిహైడ్ గుంపులు, చచ్చిన కణాల్లోని ఫాస్ఫోలిపిడ్లు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. రెక్కల మీద సున్నం పేరుకుని అవి బిగుసుకుపోతాయి. ఎముకలు పెరిగే వయసులో, కాల్షియం చురుగ్గా కదిలే ఒంట్లో ఇది మరీ వేగం. పిల్లల్లో తొలితరం పంది వాల్వులు మూడు నాలుగేళ్లకే రాయిలా మారిన సంగతి 1980ల నాటికే స్పష్టమైంది. అదే వాల్వు డెబ్బై ఏళ్ల మనిషిలో పదిహేనేళ్లు హాయిగా నడవొచ్చు. వయసు ఎంత తక్కువైతే టిష్యూ వాల్వు ఆయుష్షు అంత తక్కువన్న విషయంలో ఏ వర్గానికీ పేచీ లేదు.

లోహపు దారి, తిరువనంతపురం మజిలీ

1960 సెప్టెంబరులో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్, ఇంజనీర్ లోవెల్ ఎడ్వర్డ్స్ కలిసి తయారుచేసిన గోళీ వాల్వు మైట్రల్ స్థానంలో విజయవంతంగా పనిచేసింది. 1969లో ఒరిగే బిళ్లతో బ్యోర్క్-షైలీ, 1977లో రెండు కార్బన్ రెక్కలతో సెయింట్ జూడ్ వచ్చాయి. లోహమంటే భద్రతే అనుకోవడానికి వీల్లేదని బ్యోర్క్-షైలీ తర్వాతి నమూనా ఒకటి నేర్పింది. సుమారు 86 వేల మందికి అమర్చాక, బిళ్లను పట్టి ఉంచే కడ్డీ కొందరిలో విరిగి, 1986లో దాన్ని మార్కెట్ నుంచి తీసేయాల్సి వచ్చింది.

విదేశీ వాల్వు ధర మన రోగికి అందని రోజుల్లో తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వాన దేశీయ వాల్వు పని మొదలైంది. మూడు నమూనాలు పరీక్షల్లో విఫలమయ్యాయి. నాలుగోది గట్టెక్కింది. కోబాల్ట్-క్రోమియం మిశ్రమలోహపు చట్రంలో గట్టి పాలిథిలీన్ బిళ్ల ఒరిగే ఆ వాల్వును 1990 డిసెంబరు 6న తొలిసారి రోగికి అమర్చారు. టీటీకే కంపెనీ తయారుచేసే ఈ చిత్ర వాల్వు లక్షకు పైగా గుండెల్లోకి చేరింది. 2024లో కన్నుమూసిన వలియత్తాన్‌కు మన పేద రోగులు పడ్డ రుణం చిన్నది కాదు. ఒక్క సంగతి గమనించాలి: భారతీయ పరిశోధన తన తొలి పెద్ద పందెం కాసింది మెకానికల్ వాల్వు మీదే. రోగి చిన్నవయసువాడు, టిష్యూ వాల్వు అతనిలో నిలవదు అన్న తర్కం దానికి పూర్తిగా మద్దతిచ్చింది.

పోటీ పెట్టి చూస్తే

రెండు రకాలనూ చీటీ వేసినట్టు రోగులకు పంచి, ఏళ్ల తరబడి వెంటపడి చూసిన అధ్యయనాలు తక్కువ. అందులో పెద్ద మాట అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులది. 1977–82 మధ్య చేర్చుకున్న 575 మంది పురుషుల్లో, అయోర్టిక్ వాల్వు మార్చినవాళ్లలో పదిహేనేళ్లకు మెకానికల్ వర్గంలో 66 శాతం, పంది వాల్వు వర్గంలో 79 శాతం మరణించారు. మైట్రల్ వాల్వు మార్చినవాళ్లలో మరణాల తేడా కనిపించలేదు కానీ, వాల్వు పాడవడం పంది వర్గంలో 44 శాతం, మెకానికల్ వర్గంలో 5 శాతం. రక్తస్రావాలు మాత్రం మెకానికల్ వైపే ఎక్కువ. ఇదే కాలంలో ఎడిన్‌బరోలో జరిగిన అధ్యయనం ఇరవై ఏళ్లకు కూడా బతుకులో గట్టి తేడా చూపలేదు. ఒకవైపు రక్తస్రావం, మరోవైపు రెండో ఆపరేషన్ అన్న బేరమే మళ్లీ బయటపడింది.

2017లో కాలిఫోర్నియాలోని 142 ఆసుపత్రుల రికార్డులను తిరగేసిన పరిశోధకులు వయసు గీతను మరింత స్పష్టంగా గీశారు. అయోర్టిక్ స్థానంలో 55 ఏళ్ల దాకా, మైట్రల్ స్థానంలో 70 ఏళ్ల దాకా మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లే ఎక్కువ కాలం బతికారు. ఇప్పటి అమెరికా మార్గదర్శకాలు అయోర్టిక్‌కు 50 లోపు మెకానికల్, 65 దాటితే టిష్యూ అంటాయి, మధ్యవాళ్లకు మాట్లాడి నిర్ణయించమంటాయి. యూరప్ గీతలు ఇంకాస్త పైకి జరుగుతాయి.

ఈ లెక్క ప్రకారం కదిరి దగ్గరి ఊరిలోని 28 ఏళ్ల రుమాటిక్ రోగికి జవాబు ఇట్టే దొరకాలి: మెకానికల్. కానీ ఆ అధ్యయనాల్లో ఉన్నది మాత్రను రోజూ వేసుకోగల, పరీక్ష తరచూ చేయించుకోగల వయసు మళ్లిన మనుషులు. సైనికుల అధ్యయనంలో ఒక్క స్త్రీ కూడా లేదు. ఆ గీతలను అనంతపురానికి అలాగే దించుకుంటే, కొలిచింది ఒకరిని, చొక్కా కుట్టింది మరొకరికి అవుతుంది.

మాత్ర, పరీక్ష, బస్సు చార్జీ

వార్ఫరిన్, ఎసినోకూమరాల్ మాత్రలు విటమిన్-కె పనిని అడ్డుకుని రక్తం గడ్డకట్టే వేగాన్ని తగ్గిస్తాయి. మోతాదు చాలకపోతే వాల్వు మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే మెదడులోనో కడుపులోనో రక్తం కారుతుంది. ఆ రెండింటి మధ్య సన్నటి బాటను చూపే పరీక్షే పీటీ-ఐఎన్ఆర్. మైట్రల్ స్థానంలో మెకానికల్ వాల్వు ఉంటే ఆ అంకె 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. కుదుటపడిన రోగికైనా నెలకోసారి చూడాలి.

ఇప్పుడు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమను ఊహించుకోండి. బుడ్డల (వేరుశనగ) పంట పోతే ఇంటికి తాళం వేసి బెంగళూరు కట్టడం పనులకు వెళ్లే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పరీక్ష కోసం పట్నానికి వెళ్లిరావడమంటే రక్తపరీక్ష రుసుముకు తోడు బస్సు చార్జీ, ఒక రోజు కూలి. వలస వెళ్లినచోట పాత చీటీ చూసి మోతాదు మార్చే డాక్టరు దొరకడం ఇంకో ఎత్తు. తిండి కూడా కలిసిరాదు. వానలు పడ్డాక తోటకూర, మునగాకు, చేలగట్ల మీది ఆకుకూరలు సంగటిలోకి దండిగా వస్తాయి, ఎండాకాలంలో అవే కనబడవు. ఆకుకూరల్లో ఉన్న విటమిన్-కె మాత్ర పనిని తగ్గిస్తుంది కనుక కాలాన్ని బట్టి ఐఎన్ఆర్ కూడా ఊగుతుంది. ఆకుకూరలు మానేయమనడం తప్పు సలహా. రోజూ ఒకే పాళ్లలో తినమని చెప్పి, దానికి తగ్గట్టు మోతాదు సరిచేయడమే సరైన పద్ధతి. అదైనా పరీక్ష అందుబాటులో ఉంటేనే కుదురుతుంది.

మాత్ర ఆగితే ఏమవుతుంది? నిశ్శబ్దమైన రాత్రి పక్కవాళ్లకూ వినిపించే వాల్వు టిక్కుమన్న చప్పుడు మందగిస్తుంది. ఒక్కసారిగా ఆయాసం ముంచుకొస్తుంది. గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చినా అందరిలో పనిచేయదు. 2009లో ఢిల్లీ ఎయిమ్స్‌లో గణేశన్ కార్తికేయన్ బృందం 120 మంది మీద చేసిన అధ్యయనంలో వాల్వు పూర్తిగా విడుదలైంది దాదాపు 60 శాతం మందిలోనే.

పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు ఈ చిక్కు తీరుస్తాయని ఆశ పెట్టుకున్నారు. మెకానికల్ వాల్వుల మీద డాబిగాట్రాన్ అధ్యయనాన్ని 2013లోపే, అపిక్సబాన్ అధ్యయనాన్ని 2022లో నష్టం కనబడి మధ్యలోనే ఆపేశారు. లయ తప్పిన రుమాటిక్ గుండెల మీద నాలుగున్నర వేల మందితో జరిపి 2022లో ప్రకటించిన ఇన్విక్టస్ అధ్యయనంలోనూ రివరాక్సబాన్ కన్నా పాత మాత్రే ప్రాణాలు కాపాడింది. నెలనెలా పరీక్షకు వచ్చి వైద్యుడి కంటపడటం కూడా ఆ మేలుకు కొంత కారణమై ఉండొచ్చని నిపుణుల ఊహ. నిజమైతే అది మనకు పెద్ద పాఠం.

ఇక్కడే టిష్యూ వాల్వు వాదంలో ఉన్న ఒక బొక్కనూ చూపించాలి. జబ్బు ముదిరిన మైట్రల్ రోగుల్లో చాలామందికి గుండె పైగది సాగిపోయి లయ తప్పుతుంది. వాళ్లకు టిష్యూ వాల్వు వేసినా మాత్ర తప్పదు. మాత్ర బాధ లేకుండా పోతుందని చెప్పి జంతు వాల్వు పెట్టి, మాత్రా రాసి, రెండో ఆపరేషన్ కూడా మిగిల్చితే రోగికి దక్కింది రెండు వైపుల నష్టమే.

కడుపులో బిడ్డ

చర్చ అంతటిలో అతి బరువైన భాగం ఇది. వార్ఫరిన్ మావిని దాటి బిడ్డను చేరుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య బిడ్డ ముక్కు, ఎముకల పెరుగుదలను దెబ్బతీయగలదు. రోజుకు 5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు పెరుగుతుంది. మాత్ర ఆపి హెపారిన్ ఇంజెక్షన్లకు మారితే బిడ్డకు మేలు, తల్లి వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం ఎక్కువ. అంతర్జాతీయ రోపాక్ నమోదులో మెకానికల్ వాల్వు ఉన్న 212 మంది గర్భిణుల్లో పెద్ద చిక్కులేవీ లేకుండా బిడ్డను ఎత్తుకున్నవాళ్లు 58 శాతం. టిష్యూ వాల్వు ఉన్నవాళ్లలో 79 శాతం.

మన కుటుంబాల్లో పిల్లల గురించిన నిర్ణయం ఆ అమ్మాయి ఒక్కదాని చేతిలో ఉండదు. ఇరవై రెండేళ్ల కోడలికి మెకానికల్ వాల్వు వేసి, గర్భం వద్దని చీటీలో రాసి పంపితే సలహా ఇచ్చినట్టవుతుంది గానీ ఆమెకు దారి చూపినట్టు కాదు. ఆమెకు టిష్యూ వాల్వు వేసి, ఇద్దరు బిడ్డల తర్వాత, ముప్పై రెండుకో ముప్పై అయిదుకో రెండో ఆపరేషన్ చేయడం తెలివైన ఒప్పందం కావచ్చు. ఆ రెండో ఆపరేషన్ ఖచ్చితంగా జరుగుతుందన్న హామీ మీదే ఆ ఒప్పందం నిలబడుతుంది.

మన దేశంలో మూడు వాదాలు

మొదటి వాదం మెకానికల్‌ది. ఒకసారి ఛాతీ తెరిచాక మళ్లీ తెరవాల్సిన పని పడకూడదంటుంది. రెండో ఆపరేషన్‌లో గుండె ఎముకకు అతుక్కుని ఉంటుంది, ప్రమాదం మొదటిదాని కన్నా ఎక్కువ. చిత్ర వాల్వు ధర కూడా ఈ వాదానికే అండ.

రెండోది టిష్యూ వాదం. పరీక్ష అందని ఊళ్లో మెకానికల్ వాల్వు పెట్టడమంటే రోగిని తెలిసి తెలిసి స్ట్రోకు దారిలో నిలబెట్టడమేనంటుంది. దానివల్ల పోయిన ప్రాణం పల్లెలోనే, ఆసుపత్రి లెక్కలోకి రాకుండా పోతుంది. పాడైన టిష్యూ వాల్వు రోగి మాత్రం నెమ్మదిగా ఆయాసంతో తిరిగి వస్తాడు, బతికించే గడువు ఉంటుంది. ఈ వాదంలో నాకు బలంగా కనిపించేది ఈ చివరి మాటే.

మూడోది సొంత వాల్వును దక్కించుకోవాలనే వాదం. అతుక్కున్న మైట్రల్ అంచులను గజ్జ నుంచి పంపిన బెలూన్‌తో విడదీసే పద్ధతిని జపాన్‌కు చెందిన కాంజీ ఇనోయె 1984లో ప్రకటించాడు. ఛాతీ కోయకుండా పది పదిహేనేళ్లు గడిపించగల ఈ చికిత్స తెలుగు రాష్ట్రాల్లోనూ వేలమందికి అందింది. బెలూన్‌కు లొంగని వాల్వులకు సర్జన్ చేసే మరమ్మతు ఉంది. టిష్యూ వాల్వుకు ఊపిరిపోసిన కార్పెంతియే మరమ్మతుకూ పెద్ద గురువు. అయితే రుమాటిక్ వాల్వు మరమ్మతు కష్టమైన విద్య, జబ్బు లోపల రగులుతూనే ఉంటే మళ్లీ చెడుతుంది. రోగి సొంత పల్మనరీ వాల్వును అయోర్టిక్ స్థానానికి మార్చే రాస్ పద్ధతికీ ఇదే ఇబ్బంది ఎదురైంది. చిన్నవయసు రుమాటిక్ రోగుల్లో ఆ మార్చిన వాల్వునూ జబ్బు పట్టుకోవచ్చని ఢిల్లీ ఎయిమ్స్ అనుభవం.

మూడింటినీ పక్కపక్కన పెడితే, బెలూన్‌కో మరమ్మతుకో వీలున్నప్పుడు అదే ముందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. ఆ గడువు దాటాక మిగిలిన రెండు వాదాల మధ్యే అసలు పోరు.

పంది, ఆవు, నమ్మకం

హిందూపురం, కదిరి, తాడిపత్రి వంటి ఊళ్లలో హిందూ ముస్లింలు పక్కపక్క గడపల్లో బతుకుతారు. పంది వాల్వు ఒకరికి, ఆవు పైపొర ఇంకొకరికి మనసు నొప్పించవచ్చు. ఇస్లామీయ న్యాయంలో ప్రాణం మీదికి వచ్చినప్పుడు, వేరే దారి లేనప్పుడు నిషిద్ధమైనదీ అనుమతి పొందుతుందన్న సూత్రం ఉంది, చాలామంది పండితులు దాన్ని వాల్వుకూ వర్తింపజేశారు. హిందువుల్లో అందరి తరఫున తీర్పు చెప్పే పీఠం ఏదీ లేదు, అది ఆ మనిషి, ఆ ఇంటి నిర్ణయం. శాకాహారానికి కట్టుబడ్డ కుటుంబాలకు రెండూ ఇబ్బందే. మెకానికల్ వాల్వు ఎంచుకుంటే జంతు స్పర్శ పూర్తిగా తప్పుతుందనుకోవడమూ సరికాదు. ఓపెన్ హార్ట్ ఆపరేషన్‌లో వాడే హెపారిన్ పంది లేదా పశువుల పేగుల నుంచే వస్తుంది.

నమ్మకాన్ని ఎదిరించి ఒప్పించడం వైద్యుడి పని కాదు. వాల్వు దేనితో చేసిందో తెలుగులో, రోగికి అర్థమయ్యేలా, సంతకానికి ముందే చెప్పడం మాత్రం అతని బాధ్యత. ఉచిత వైద్యం పొందే పేదవాడికి ఈ ప్రశ్న అడిగే హక్కు లేదన్నట్టు ప్రవర్తించడం అన్యాయం.

జంతు వాల్వునూ జంతు గుండెనూ కలిపి చూసే భయం ఒకటుంది. 1997లో అస్సాంలో ధనీరాం బారువా ఒక రోగికి పంది గుండె అమర్చగా అతను కొద్ది రోజుల్లోనే చనిపోయాడు, బారువా అవయవ మార్పిడి చట్టం కింద అరెస్టయ్యాడు. 2022లో అమెరికాలోని మేరీలాండ్‌లో జన్యువులు మార్చిన పంది గుండెతో మరో ప్రయత్నం జరిగింది. అవి బతికున్న అవయవాలు. టిష్యూ వాల్వులో బతికున్న కణం ఒక్కటీ ఉండదు. దానికి అవయవ మార్పిడిలో వాడే రోగనిరోధక శక్తిని అణిచే మందులు అవసరం లేదు.

కొత్త ఆశలు, పాత దూరాలు

2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలాన్ క్రిబియే ఛాతీ కోయకుండా రక్తనాళం గుండా టిష్యూ వాల్వు పంపి అమర్చాడు. ఈ టావీ పద్ధతి వృద్ధులకు వరమైంది. గుజరాత్‌లోని వాపిలో మెరిల్ కంపెనీ ఆవు పైపొరతో చేసే మైవాల్ దేశీయంగా వచ్చింది. పాడైన టిష్యూ వాల్వు లోపలే మరొక వాల్వును తొడిగే వీలుండటంతో, యువకులకు కూడా టిష్యూ వేయొచ్చు, తర్వాతి సంగతి టావీ చూసుకుంటుందన్న వాదం నగరాల్లో పెరుగుతోంది. కానీ ఒకదానిలో ఒకటి తొడిగిన కొద్దీ దారి ఇరుకవుతుంది. ఖర్చు లక్షల్లో ఉంటుంది. ముప్పై ఏళ్ల మనిషికి జీవితకాలంలో ఎన్నిసార్లు అలా తొడగగలమన్నదానికి ఎవరి దగ్గరా దీర్ఘకాల జవాబు లేదు. సున్నం పట్టకుండా ఆల్డిహైడ్లను అదుపుచేసిన కొత్త కణజాలాలు, మనిషి దేహం గుర్తుపట్టి ఎదిరించే ఆల్ఫా-గాల్ చక్కెరను తొలగించే పరిశోధనలు ఆశ కలిగిస్తున్నాయి. అవి నిజంగా నెగ్గాయో లేదో వృద్ధుల అయోర్టిక్ వాల్వులో కాదు, యువ రుమాటిక్ రోగి మైట్రల్ స్థానంలో ఇరవై ఏళ్లు నిలిస్తేనే తెలుస్తుంది.

తేలాల్సినవి, చేయాల్సినవి

మన యువ రోగుల మీద రెండు వాల్వులనూ పోటీపెట్టి చూసిన పెద్ద అధ్యయనం ఇంకా రాలేదు. పుట్టపర్తి, తిరుపతి, బెంగళూరు జయదేవ వంటిచోట్ల ఆపరేషన్ చేయించుకున్న ఈ సీమ రోగులను ఊరి దాకా వెంబడించే ఒకే ఉమ్మడి నమోదు ఉంటే ఈ చర్చలో సగం పదేళ్లలో తేలిపోతుంది.

అప్పటిదాకా నా తీర్పు ఇది. నెలనెలా పరీక్ష చేయించుకోగల, స్థిరంగా ఒకచోట ఉండే యువకుడికి మెకానికల్ వాల్వే మేలు. పిల్లలు కావాలనుకునే యువతికి, గుండె లయ చెడకుండా ఉంటే, టిష్యూ వాల్వును ముందు పెట్టాలి. ఏడాదిలో సగం వలసలో గడిపే కూలీకి ఏ వాల్వు వేసినా వ్యవస్థ వెంట లేకపోతే ఓటమే, అయినా నెమ్మదిగా చెడే టిష్యూ వాల్వు అతనికి తక్కువ క్రూరమైనది. ఈ తీర్పు మారాలంటే ప్రయోగశాల కన్నా ప్రభుత్వం చేయగలిగింది ఎక్కువ. వేలి చివర రక్తపు బొట్టుతో ఐఎన్ఆర్ చెప్పే చిన్న యంత్రాన్ని ప్రతి ఏరియా ఆసుపత్రికీ, వీలైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ఇవ్వాలి. మొదటి ఆపరేషన్‌కు డబ్బు కట్టిన పథకమే, టిష్యూ వాల్వు వేసిన రోజే, రెండోదానికీ రాతపూర్వక హామీ ఇవ్వాలి. అన్నిటికీ ముందు పెన్సిలిన్ ఉంది. ఉగాండాలో తొలిదశ జబ్బున్న పిల్లలకు నాలుగు వారాలకోసారి ఇంజెక్షన్ ఇచ్చి 2022లో ప్రకటించిన అధ్యయనంలో రెండేళ్లలో జబ్బు ముదిరింది 0.8 శాతం మందిలోనే, ఇవ్వనివాళ్లలో 8.2 శాతం. బడిపిల్లల గొంతునొప్పిని పట్టించుకునే జిల్లాలో వాల్వు చర్చ దానంతట అదే చిన్నదవుతుంది.

వాల్వు మార్పించుకోబోయే కుటుంబాలకు ఒక మాట. సంతకం పెట్టేముందు వాల్వు ఏ రకమో, ఎందుకు ఆ రకమో, మాత్ర ఎంతకాలమో, పరీక్ష ఎక్కడ చేయించుకోవాలో అడగండి. పెళ్లి కావలసిన, పిల్లలు కావలసిన అమ్మాయి అయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. వాల్వు పేరు, సైజు, తేదీ రాసిన కార్డును అడిగి తీసుకుని రేషన్ కార్డుతో పాటు భద్రం చేయండి. రెండో ఆపరేషన్ అవసరమైన రోజున సర్జన్ మొదట అడిగేది ఆ కార్డునే.